గెలిస్తే నిండుకుండ, ఓడితే మొద్దు: మాట్లాడని ఆటగాళ్ల గురించి

గుంటూరు_షటిల్ (#1)

నిన్న రాత్రి బ్యాడ్మింటన్ ఆటగాడు శ్రీకాంత్ పాత మ్యాచ్ ఒకటి చూస్తూ కింద కామెంట్లు చదివాను. మనసు పాడైంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

2017లో కిదాంబి శ్రీకాంత్ ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు కొట్టాడు. ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్. అప్పుడు మా ఊళ్లో ఎవర్ని కదిలించినా ఒకటే మాట: "కుర్రాడు చూశావా ఎంత నిదానమో, నిండుకుండ తొణకదు". 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ తర్వాత గాయాలొచ్చాయి, మొదటి రౌండ్లలో ఓడిపోవడం మొదలైంది. మొహం అదే. పాయింటుకీ పాయింటుకీ మధ్య తలొంచుకుని నడిచే నడక అదే. మాటలు మాత్రం మారిపోయాయి: "కసి లేదు", "డబ్బొచ్చాక ఇంతే", "మొద్దులా నిలబడతాడు".

అసలు ఈ అబ్బాయి ఏం దాటి వచ్చాడో ఎంతమందికి గుర్తుంది? 2014 జులైలో మెదడు జ్వరంతో ఆస్పత్రిలో చేరి ఐసీయూలో ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో, చైనా గడ్డ మీద, చైనా దిగ్గజం లిన్ డాన్‌ని 21-19, 21-17తో ఓడించాడు. కసి లేనివాడు చేసే పనేనా అది?

నా ప్రశ్న ఒక్కటే. మనిషి నోరు విప్పకపోతే, ఆ మౌనానికి అర్థం మనం ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నాం? నాకైతే స్కోరుబోర్డు నుంచి తెచ్చుకుంటున్నట్టే కనిపిస్తోంది.

ఉప్పల్_తూర్పుస్టాండ్ (#2)

అన్నా, మంచి ముచ్చట తీసినవ్. మా లక్ష్మణ్ సంగతి జెప్త విను.

2001 మార్చిల కోల్‌కతాల 281 కొట్టిండు. ద్రవిడ్‌తోని కలిసి 376 పరుగులు. గప్పుడు దేశమంత నెత్తిన పెట్టుకున్నది. రెండేండ్లకు, 2003 ప్రపంచకప్ టీం నుంచి తీసేసిన్రు. లక్ష్మణ్ గప్పుడు బయట ఒక్క మాట అనలె. మనం ఏమనుకున్నం? "పెద్దమనిషి, తీసుకున్నడు" అనుకున్నం. తర్వాత ఆయనే చెప్పిండు, ఆట ఇడిసిపెడ్దామన్నంత బాధైందని. 134 టెస్టులు ఆడిన మనిషి ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ ఆడకుంటనే రిటైర్ అయిండు.

మాట్లాడనోనికి నొప్పి ఉండదని మనం అనుకుంటం. గదే పెద్ద తప్పు. నోరు జేసేటోన్ని తీసేస్తే వారం రోజులు టీవీల చర్చ నడుస్తది. లక్ష్మణ్‌ను తీసేస్తే ఆయన ఊకుంటడు కాబట్టి తీసేసినోళ్లకు కూడ అల్కగ ఉంటది.

ఇంకోటి. 2010 అక్టోబర్‌ల మొహాలీ. ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలె, 124కే ఎనిమిది వికెట్లు పోయినయ్. నడుం నొప్పితోని, రన్నర్‌ను పెట్టుకొని 73 నాటౌట్, ఒక్క వికెట్‌తోని గెలిపిచ్చిండు. కనీ మా ఆఫీసుల పోరగాండ్లను అడుగు, గా మ్యాచ్‌ల ఏం గుర్తున్నదని. అవతలి ఎండ్‌ల బ్యాటింగ్ చేస్తున్న ఓజా మీద అరిసింది గుర్తున్నది! పదారేండ్ల కెరీర్‌ల ఒక్క అరుపు. గదే క్లిప్ తిరుగుతది ఇప్పటికి గూడ.

స్మాష్_ప్రసాద్ (#3)

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. ఎవరినీ నొప్పించాలని కాదు.

అభిమాని రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేస్తాడు. ఉదయం ఆఫీసుంటుంది, అయినా లేస్తాడు. తన ఆటగాడు ఓడిపోయాక ఆ మొహంలో తన బాధ కనిపిస్తుందేమో అని వెతుక్కుంటాడు. కనిపించకపోతే "నాకున్న బాధ వాడికి లేదా?" అనిపిస్తుంది. అది దురాశ కాదు కదా. మనిషికీ మనిషికీ మధ్య ఉండే మామూలు ఆశ. డబుల్స్ జోడీ సాత్విక్, చిరాగ్ గెలిచి కోర్టులో చిందేస్తే మనం కూడా ఇంట్లో చిందేస్తాం. ఆ ఆనందం మనకి పంచేవాళ్ల మీద ప్రేమ ఎక్కువుండటం సహజం.

గుంటూరు_షటిల్ (#4)

ప్రసాద్ గారూ, ప్రేమ ఎక్కువుండటంతో నాకు పేచీ లేదు. చూపించనివాడికి బాధే లేదని తీర్పు చెప్పేయడంతోనే పేచీ.

టొరంటో_తెలుగోడు (#5)

మీరంతా బ్యాడ్మింటన్, క్రికెట్ మాట్లాడుతున్నారు. నేను కళ్లారా చూసిన బాస్కెట్‌బాల్ సంగతి చెప్తాను. నేను ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్లు.

కవాయ్ లెనర్డ్ అని ఒక ఆటగాడు. శాన్ ఆంటోనియో జట్టులో ఉండి 2014లో ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. మాట్లాడడు. సోషల్ మీడియాలో ఉండడు. ప్రశ్న ఎంత పొడుగ్గా అడిగినా సమాధానం అర వాక్యం. ఆ ఊరివాళ్లకి అప్పుడు అది ముద్దు. "మావాడు పని చేస్తాడు, మాటలు చెప్పడు" అని గొప్పగా చెప్పుకునేవారు. 2017-18లో గాయమై సీజన్ మొత్తంలో తొమ్మిది మ్యాచ్‌లే ఆడాడు. గాయం సంగతిలో జట్టు డాక్టర్లకీ అతని మనుషులకీ మాట కుదర్లేదు. అతను బయటికొచ్చి ఏమీ చెప్పలేదు. అంతే, ముద్దొచ్చిన మౌనమే వాళ్లకి ద్రోహంగా కనిపించింది. 2018 వేసవిలో టొరంటోకి మారాడు. 2019 జనవరిలో ప్రత్యర్థిగా ఆ ఊరు వెళ్తే స్టేడియం మొత్తం ఛీకొట్టింది, "ద్రోహి" అని కేకలేసింది.

అదే సమయానికి ఇక్కడ మా ఊళ్లో ఏం జరుగుతోందో తెలుసా? అదే మౌనాన్ని మేం పూజిస్తున్నాం. మొదటి ప్రెస్‌మీట్‌లో అతను నవ్విన నవ్వు కొంచెం వింతగా ఉందని ప్రపంచమంతా వీడియోలు చేసి ఆడుకుంది. మేం దాన్ని కూడా మా సొంతం చేసుకున్నాం. మే 12న ఫిలడెల్ఫియా మీద ఏడో మ్యాచ్ చివరి క్షణంలో అతను వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. అప్పుడు అతను నోరంతా తెరిచి అరిచాడు. నేను మా అపార్ట్‌మెంట్ కింద బార్‌లో పరాయివాళ్లని కౌగిలించుకుని ఏడ్చాను. జూన్‌లో ఛాంపియన్‌షిప్ వచ్చింది. టొరంటోకి అదే మొదటిది.

ఆ వేసవిలోనే లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు. అప్పుడూ ఏమీ పెద్దగా చెప్పలేదు. మా ఊరివాళ్లు ఎక్కువమంది కోప్పడలేదు, కప్పు ఇచ్చి వెళ్లాడు కాబట్టి. మనిషి ఒక్కడే, మౌనం ఒక్కటే. ఒక ఊళ్లో ద్రోహం, ఇంకో ఊళ్లో హుందాతనం. గుంటూరు అన్న అడిగిన ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

డెస్క్‌లో_పదేళ్లు (#6)

నేను ఒకప్పుడు ఒక పత్రికలో స్పోర్ట్స్ డెస్కులో పనిచేశాను. అటువైపు పని ఎలా నడుస్తుందో చెప్తాను, సమర్థించుకోవడానికి కాదు.

మ్యాచ్ రాత్రి పదింటికి అయిపోతుంది. జిల్లా ఎడిషన్లు అప్పటికే వెళ్లిపోతుంటాయి. సిటీ ఎడిషన్‌కి కాస్త టైముంటుంది. స్కోరు అందరి దగ్గరా ఉంటుంది. పాఠకుడికి మనం కొత్తగా ఇవ్వగలిగింది ఆటగాడి మాటే. ఏజెన్సీ కాపీలో గట్టి మాట ఒకటి ఉంటే అది హెడ్డింగ్ అవుతుంది. మాటకారి ఆటగాడు ఓడినా అర పేజీ నిండుతుంది. "బాగా ఆడాడు అవతలి అబ్బాయి, నేను ఇంకా శ్రమించాలి" అని చెప్పి వెళ్లిపోయేవాడి గురించి ఏం రాస్తాం? అక్కడే తప్పు మొదలవుతుంది. మాట దొరకనిచోట మేం మొహం చదవడం మొదలుపెడతాం. "నిర్లిప్తంగా", "ముభావంగా", "పట్టనట్టుగా". ఈ మూడు మాటలూ ఎవరూ చెప్పినవి కావు, మేం వేసినవి.

నేనే ఒక పని చేశాను. రాష్ట్రస్థాయి జూనియర్ ఫైనల్లో ఓడిన ఒక కుర్రాడి గురించి "పట్టనట్టు వెళ్లిపోయాడు" అని రాశాను. ఫొటో కింద రెండు లైన్లు, అంతే. కొన్ని నెలల తర్వాత ఇంకో టోర్నీలో వాళ్ల నాన్న కనిపించి, "ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదండీ. పొద్దున్నే పేపర్లో మీరు పట్టనట్టు అని రాశారు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను ఆ ఇంట్లో లేను. ఆ కుర్రాడితో అర నిమిషం కూడా మాట్లాడలేదు. ఆ మాట వేసే హక్కు నాకెవరిచ్చారు? ఇప్పటికీ ఆ రెండు లైన్లు నాకు గుర్తున్నాయి.

ఉప్పల్_తూర్పుస్టాండ్ (#7)

సార్, గిది ఇంతమంది ముందట ఒప్పుకున్నరంటే మీకు దండం.

నిజాంపేట_అమ్మ (#8)

నమస్తే అండీ. నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. డెస్క్ గారి పోస్టు చదివాక రాయాలనిపించింది.

మా పాపకి పదమూడేళ్లు. షటిల్ ఆడుతుంది. జిల్లా స్థాయిలో రెండుసార్లు సెమీస్‌కి వచ్చింది. ఇంట్లో మాతో కూడా తక్కువే మాట్లాడుతుంది. పాయింట్ గెలిచినా అరవదు, కాక్ తీసి అవతలి అమ్మాయికి ఇస్తుంది. పోయిన నెల ఒక సెలక్షన్ ట్రయల్స్‌లో ఒకాయన నాతో "ఆట ఉంది మేడమ్, ఆటిట్యూడ్ లేదు. ఈ పిల్ల పైకి రాదు" అన్నారు. పాప పక్కనే ఉంది. వింది.

అప్పట్నుంచి అద్దం ముందు నిలబడి పిడికిలి బిగించి చూసుకుంటోంది. నేను చూస్తున్నానని తెలియగానే ఆపేస్తుంది. నాకు కడుపు తరుక్కుపోతోందండీ. ఇలాంటి పిల్లల్ని మార్చాలా, వదిలేయాలా? పెద్ద ఆటగాళ్ల గురించి మీరంతా ఇంత తెలిసి మాట్లాడుతున్నారు కదా, చెప్పండి.

కోర్టు_నంబర్_4 (#9)

అమ్మా, నేను పదిహేనేళ్లుగా పిల్లలకి షటిల్ నేర్పుతున్నాను. పెద్ద పేరున్నవాణ్ని కాను. సింధు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా కొంచెం వివరంగా చెప్తాను. ఎందుకంటే ఆ కథని చాలామంది తలకిందులుగా చెప్తారు.

రియో ఒలింపిక్స్‌కి ముందు కోచ్ గోపీచంద్ గారు సింధుని అకాడమీలో కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ఆటగాళ్లూ కోచ్‌లూ అందరూ చూస్తుండగా గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది. చాలాసేపటికి గానీ గొంతు రాలేదు. 2016 ఆగస్టులో ఫైనల్లో కరోలినా మారిన్ ఎదురుగా నిలబడి, పాయింట్ పాయింట్‌కీ అరుస్తున్న సింధుని దేశమంతా చూసింది. 21-19, 12-21, 15-21. వెండి పతకం.

ఈ కథ చెప్పి చాలామంది కోచ్‌లు "చూశారా, నోరు లేని పిల్లని నోరున్న పిల్లగా మార్చారు" అంటారు. నేను ఒప్పుకోను. మ్యాచ్ అయిపోయాక ఏం జరిగిందో చూడండి. గెలిచిన మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తోంది. రాకెట్ ఎక్కడో పడి ఉంది. ఓడిన సింధు ఆమెని లేపి కౌగిలించుకుని, ఆ రాకెట్ తీసుకెళ్లి మారిన్ బ్యాగు దగ్గర పెట్టింది. ప్రపంచం కళ్లన్నీ గెలిచినామె మీద ఉన్నప్పుడు చేసిన పని అది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. అరవడం నేర్చుకుంది, మనిషి మాత్రం మారలేదు.

అరుపు ఒక పనిముట్టు. ర్యాలీ 30 షాట్లు దాటాక లోపల బిగుసుకున్న ఊపిరి బయటికి రావాలి, కాళ్లు మళ్లీ కదలాలి, అవతలివాళ్లకి "నేను అలిసిపోలేదు" అని తెలియాలి. అందుకు పనికొస్తుంది. డ్రాప్ షాట్ నేర్పినట్టే నేర్పొచ్చు. కొందరికి అది పడదు, వాళ్లకి వేరే దారి ఉంటుంది. ఒకమ్మాయి తువ్వాలుతో మూడుసార్లు మొహం తుడుచుకుంటుంది, ఇంకొకడు రాకెట్ తీగలు సర్దుకుంటాడు. పాపకి ఏది పడుతుందో కోచ్ వెతకాలి. "ఆటిట్యూడ్ లేదు" అనడం వెతకడం చేతకాని మాట. నాకు కోపం వస్తోంది కాబట్టి ఇక్కడ ఆపుతాను.

సికింద్రాబాద్_కవర్‌డ్రైవ్ (#10)

అమ్మగారూ, మీ పాపకి మిథాలీ రాజ్ ఫొటో చూపించండి. 2017 జూన్ 24, డెర్బీ. ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌తో మొదటి మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని బౌండరీ పక్కన కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. కాసేపటికి వెళ్లి 71 కొట్టింది. వన్డేల్లో వరసగా ఏడో అర్ధసెంచరీ, అప్పటిదాకా ఎవరూ చేయలేదు. మనం 35 పరుగులతో గెలిచాం. ఆ ఫొటో ఊరూరా తిరిగింది. "ఎంత ప్రశాంతత!" అని అందరూ మెచ్చుకున్నారు.

నేను ఆ రోజు సంతోషించాను, ఇప్పటికీ ఆ ఫొటో నాకు ఇష్టం. కానీ గుంటూరు అన్న ప్రశ్న చదివాక ఒకటి ఆలోచిస్తున్నా. ఆ రోజు మిథాలీ సున్నాకి అవుటై, మనం ఓడిపోయి ఉంటే? అదే ఫొటో కింద ఏం రాసేవారు? "జట్టు ఆడుతుంటే కెప్టెన్ పుస్తకం చదువుకుంటోంది". ఖాయంగా ఇదే. ఏడాది తర్వాత, 2018 నవంబరులో, టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆమెని పక్కన పెట్టినప్పుడు "కలవదు, దూరంగా ఉంటుంది" అన్న మాటలు ఎన్ని వచ్చాయో గుర్తు తెచ్చుకోండి. 2017లో అదే దూరం ప్రశాంతత.

నోరు లేదు అనుకునేవాళ్లకి ఇంకో సంగతి. అదే 2017లో, టోర్నీకి ముందు, నీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని ఒక విలేకరి అడిగితే, ఇదే ప్రశ్న మగవాళ్లని అడుగుతారా అని తిరిగి అడిగింది. తక్కువ మాట్లాడేవాళ్లు మాట్లాడాల్సినచోట ఎంత సూటిగా మాట్లాడతారో అక్కడ చూడొచ్చు.

బెజవాడ_64గళ్లు (#11)

చెస్‌లో కోనేరు హంపి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. దీన్నిబట్టే చర్చ సగం తేలిపోయింది.

గుడివాడలో పుట్టిన అమ్మాయి. 2002లో, పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టర్. అప్పటికి ప్రపంచంలో ఏ ఆడపిల్లా ఆ వయసుకి కాలేదు. 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) ఛాంపియన్. మధ్యలో పాప పుట్టింది, రెండేళ్లు ఆటకి దూరమైంది, తిరిగొచ్చాక సాధించిన టైటిల్ అది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో, 37 ఏళ్ల వయసులో, రెండోసారి. దానికి రెండు వారాల ముందే గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, దేశమంతా అతని పేరే. అతను దానికి పూర్తిగా అర్హుడు. కానీ హంపి గెలిస్తే విజయవాడలో మా వీధిలో ఎంతమందికి తెలిసిందని నేను అడిగి చూశాను. మా చెస్ క్లబ్ పిల్లలు తప్ప ఒక్కరు చెప్పలేదు. ఆమె వచ్చి ఊదరగొట్టదు, ఫిర్యాదు చేయదు. ఇరవై ఏళ్లకి పైగా ప్రపంచ స్థాయిలో ఉండి, బెజవాడ వీధిలో నడిచిపోతే తల తిప్పి చూసేవాళ్లు ఉండరు.

టెన్నిస్_వైజాగ్ (#12)

జపాన్ టెన్నిస్ అమ్మాయి నవోమీ ఒసాకా గురించి మాట్లాడకపోతే ఈ చర్చ పూర్తవదు. సూటిగా చెప్తాను.

2018 యూఎస్ ఓపెన్ ఫైనల్. ఇరవై ఏళ్ల అమ్మాయి, చిన్నప్పట్నుంచి ఆరాధించిన సెరీనాని ఓడించింది. సెరీనాకీ అంపైర్‌కీ గొడవ జరగడంతో స్టేడియం మొత్తం కోపంగా ఉంది. బహుమతుల వేదిక మీద జనం అరుస్తుంటే ఆ అమ్మాయి టోపీ కిందికి లాక్కుని ఏడ్చింది, గెలిచినందుకు క్షమాపణ లాంటిది చెప్పింది. జీవితంలో మొదటి గ్రాండ్‌స్లామ్!

2021 మేలో, ఫ్రెంచ్ ఓపెన్‌కి ముందు, ప్రెస్‌మీట్లకి రానని చెప్పింది. మొదటి రౌండ్ గెలిచాక 15,000 డాలర్ల జరిమానా వేశారు. ఇలాగే కొనసాగితే టోర్నీ నుంచే తీసేయొచ్చని నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ కలిసి ప్రకటన ఇచ్చాయి. మర్నాడు తనే తప్పుకుంది. 2018 నుంచి కుంగుబాటుతో పోరాడుతున్నానని, తను అంతర్ముఖురాలినని, నలుగురిలో ఉన్నప్పుడు ఆ బెరుకు తగ్గడానికే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటానని రాసింది. మూడేళ్లుగా ఆ హెడ్‌ఫోన్లు చూసి "ఫ్యాషన్" అనీ "పొగరు" అనీ అన్నవాళ్లం మనమే.

స్మాష్_ప్రసాద్ (#13)

టెన్నిస్ గారూ, ఆ అమ్మాయి బాధ చదివినప్పుడు నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఒక మాట అడగనివ్వండి. ప్రైజ్‌మనీ ఎక్కణ్నుంచి వస్తుంది? టీవీ హక్కుల నుంచి, ప్రకటనల నుంచి. పత్రికలవాళ్లు వస్తారు, రాస్తారు, జనం చూస్తారు, డబ్బొస్తుంది. నంబర్ వన్ వాళ్లు ప్రెస్‌మీట్ మానేయొచ్చంటే నంబర్ వంద కూడా మానేస్తారు. నంబర్ వంద ఆటగాడికి ఆ ప్రెస్‌మీట్ ఒక్కటే ప్రపంచానికి కనిపించే కిటికీ. అందుకే నియమం అందరికీ ఒకటే ఉండాలంటాను. కొంచెం ఆలోచించండి.

డెస్క్‌లో_పదేళ్లు (#14)

ప్రసాద్ గారు చెప్పినదాంట్లో న్యాయముంది. చిన్న ఆటల విలేకరిగా నాకు ప్రెస్‌మీట్ విలువ తెలుసు. కానీ నియమం ఉండటం వేరు, ఓడిన పది నిమిషాలకే కూర్చోబెట్టి "ఇది మానసిక బలహీనతా?" అని ఐదుగురు ఐదు రకాలుగా అడగడం వేరు. సింధు 2019 ఆగస్టుకి ముందు ఫైనల్ ఓడినప్పుడల్లా ఈ ప్రశ్నే. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు ఆడి మూడో గేమ్ 20-22తో ఓడింది. అలాంటి మ్యాచ్ తర్వాత కూడా "ఫైనల్ భయం" అని హెడ్డింగులు పెట్టాం. 2019లో బాసెల్‌లో అదే టోర్నీ ఫైనల్లో అదే ఒకుహరాని 21-7, 21-7తో ఓడించాక ఆ హెడ్డింగులు పెట్టినవాళ్లెవరూ తిరిగి చూసుకోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. 2016లో ఆ అమ్మాయి ఒలింపిక్ పతకం కోసం ఆడుతుంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి గూగుల్‌లో ఆమె కులం వెతికారన్నది దేశమంతా వార్త అయింది. తన గురించి తను చెప్పుకోనివాళ్ల ఖాళీలో మనం ఏం నింపుతామో చూడండి.

నరసరావుపేట_రిఫరీ (#15)

ఒక సంగతి ఎవరూ అనలేదు. మనవాళ్లలో సగంమంది అంతర్ముఖులు కారు. ఇంగ్లిష్‌లో ఇబ్బంది, అంతే. నేను జాతీయ టోర్నీల్లో లైన్ జడ్జిగా చేశాను. లోపల తోటివాళ్లతో తెలుగులో గలగలా మాట్లాడే పిల్లలు, మైకు ముందుకొచ్చేసరికి "హ్యాపీ", "గుడ్ మ్యాచ్" దగ్గర ఆగిపోతారు. చూసేవాళ్లు "మితభాషి" అని పేరు పెట్టేస్తారు. అజారుద్దీన్ కెప్టెన్‌గా ఉన్నరోజుల్లో ఆయన ఇంగ్లిష్‌ని ఎంతమంది అనుకరించి నవ్వేవారో నా వయసువాళ్లకి గుర్తుంటుంది. బ్యాటింగ్‌లో ఆయన మణికట్టు పనితనం వాళ్లలో ఒక్కరికీ లేదు. అదే పిల్లల్ని తెలుగులో అడిగి చూడండి. ర్యాలీ ర్యాలీ అప్పజెప్తారు.

గుంటూరు_షటిల్ (#16)

రిఫరీ గారూ, ఇది నాకు తట్టనే లేదు. నిజం. బిడియం వేరు, భాష వేరు, స్వభావం వేరు, కుంగుబాటు వేరు. అన్నిటికీ కలిపి మనం "పొగరు" అనో "కసి లేదు" అనో ఒక్క ముద్ర కొట్టేస్తున్నాం.

శ్రీకాంత్ సంగతితో మొదలుపెట్టాను కాబట్టి 2022 మే 15 గురించి కూడా చెప్పాలి. బ్యాంకాక్, పురుషుల జట్ల బ్యాడ్మింటన్ టోర్నీ థామస్ కప్ ఫైనల్. అప్పటికి 73 ఏళ్ల ఆ టోర్నీ చరిత్రలో మనం ఒక్కసారి కూడా గెలవలేదు. ఎదురుగా ఇండోనేషియా. లక్ష్య సేన్ గెలిచాడు, సాత్విక్, చిరాగ్ గెలిచారు. మూడో మ్యాచ్ శ్రీకాంత్‌ది, జొనాథన్ క్రిస్టీతో. "కసి లేదు" అని మనం తేల్చేసిన మనిషి భుజాల మీద దేశం మొత్తం. మొదటి గేమ్ 21-15. రెండోది 23-21. చివరి పాయింట్ పడగానే రాకెట్ విసిరేశాడు, జట్టంతా వచ్చి మీద పడింది. ఆ రోజు మా నాన్న టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో ఆయనే అందరికంటే తక్కువ మాట్లాడతారు.

స్మాష్_ప్రసాద్ (#17)

ఆ మ్యాచ్ నేనూ చూశాను. మీ నాన్నగారి సంగతి చదివి ఒక నిమిషం ఆగాను. ప్రెస్‌మీట్ నియమం మీద నా మాట మార్చుకోను. కానీ 2019లో శ్రీకాంత్ గురించి ఇదే వేదికలో నేను రాసిన ఒక పోస్టు ఉంది. వెతికి తీసేశాను.

నిజాంపేట_అమ్మ (#18)

అందరికీ దండాలండీ. కోర్టు నంబర్ 4 గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. రాత్రి పాపని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించాను. సింధు రాకెట్ తీసిపెట్టిన చోట నన్ను ఆపి ఇంకోసారి చదవమంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. పడుకునే ముందు వచ్చి ఒకటే అడిగింది: "అమ్మా, 23-21 అంటే 20-20 అయ్యాక ఆయన ఏం సర్వీస్ చేశాడు? లాంగా, షార్టా?"

నాకేం తెలుసండీ. ఎవరి దగ్గరైనా ఆ వీడియో ఉందా?

కోర్టు_నంబర్_4 (#19)

ఉందమ్మా, పంపిస్తున్నాను. రెండో గేమ్ మొత్తం చూడనివ్వండి, మధ్యలో ఆపి ఏమీ వివరించొద్దు. చూశాక పాప ఏమైనా అడిగితే ఇక్కడ రాయండి. అడగకపోయినా పర్లేదు, ఆదివారం పొద్దున ఏడింటికి నా కోర్టుకి తీసుకురండి.